కర్నల్ ఒంటి మీద నా తల

మా పల్నాడులో ఒక్కసారైనా ఫ్లెక్సీ ఎక్కని మనిషి ఉండడు. పుట్టినరోజుకు ఎక్కిస్తారు, ఓణీల పండగకు ఎక్కిస్తారు, పోయాక ఎలాగూ ఎక్కిస్తారు. నేను మిలిటరీలో హవల్దారుగా రిటైరై నరసరావుపేటలో ఇల్లు కట్టుకున్న మనిషిని. నన్ను కర్నల్‌గా ఎక్కించారు. సర్వీసు మొత్తంలో నేను కర్నళ్ళతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా "యస్ సర్" దాటవు. అంత దూరాన్ని మా ఊరి ఫ్లెక్సీ కొట్టువాడు ఒక్క మధ్యాహ్నంలో దాటించాడు.

సైన్యంలో నా పని వైర్‌లెస్. చివరి ఏళ్ళన్నీ ట్రైనింగ్ సెంటర్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు ఆ పాఠాలు చెప్పడమే. అక్కడ పాఠం చెప్పేవాణ్ణి ఉస్తాద్ అంటారు. పాఠం అయ్యాక ఉస్తాద్ తప్పకుండా "కోయీ షక్?" అని అడగాలి, అంటే ఏమైనా అనుమానం ఉందా అని. ఎవడికైనా ఉంటే మళ్ళీ చెప్పాలి, చూపించాలి, వాడి చేత చేయించాలి. ఆ పనంటే నాకు ప్రాణం. ఊరికి వచ్చాక కూడా పిల్లలకు పాఠం చెప్పుకుంటూ బతకాలన్నదొక్కటే నా కోరిక.

ఊరికి మాత్రం నా మీద వేరే కోరికలున్నాయి. నేను వచ్చిన వారంలోనే వీధిలో వరసలు కలిశాయి. ఎన్నడూ పలకరించని వాళ్ళు బాబాయ్ అన్నారు, మామా అన్నారు, ఆ తర్వాత గొంతు తగ్గించి మిలిటరీ క్యాంటీన్ మందు సీసా సంగతి అడిగారు. దేశభక్తి అంతా ఆ సీసాలోనే ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇవ్వనని తేలాక వరసలన్నీ మళ్ళీ విడిపోయాయి. ఉద్యోగం మాటెత్తితే అందరూ ఒకటే చెప్పారు, ఏటీఎం ముందు కుర్చీ, కాకపోతే అపార్ట్‌మెంటు గేటు. సరిహద్దుకు కాపలా కాసినవాడు లిఫ్టుకు కాయలేడా అని వాళ్ళ ఉద్దేశం.

అలాంటప్పుడు ఊరి శివార్లలోని ఒక రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ కరస్పాండెంటు నాకు కబురు పెట్టాడు. ఆయన ఒకప్పుడు పురుగుమందుల కొట్టు నడిపాడు. పత్తిలో గులాబీ పురుగుకూ పిల్లల చేతిలో సెల్‌ఫోనుకూ తన దగ్గర మందుందని నమ్మే మనిషి. ఫిజిక్సులో కరెంటు పాఠాలు చెప్పగలనన్నాను. డిగ్రీ ఉందా అన్నాడు. డిగ్రీతో సమానమని సైన్యం ఇచ్చిన పట్టా చూపించాను. దొంగనోటును చూసినట్టు దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. ముందు డిసిప్లిన్ ఇన్‌ఛార్జిగా చేరమనీ, జూన్ నుంచి క్లాసు ఇస్తాననీ అన్నాడు. నేను జూన్ అన్న మాట పట్టుకుని చేరిపోయాను.

డిసిప్లిన్ అంటే గేటు దగ్గర నిలబడటం, జుట్టు పెంచినవాణ్ణి పట్టుకోవడం, స్టడీ అవర్లో కునికేవాణ్ణి లేపడం. మీసం మెలేయడం కూడా అందులో భాగమేనట. నాకు మీసం లేదంటే పెంచమన్నాడు. ఒకరోజు మాచవరం నుంచి ఒక మిరప రైతు కొడుకును చేర్చడానికి వచ్చి, వాణ్ణి నా ముందుకు నెట్టాడు. తనకేమీ అక్కర్లేదనీ, రోజుకు రెండు తగిలిస్తే చాలనీ బతిమాలాడు. సైన్యంలో పరుగులు పెట్టించాను గానీ, పాఠం రానందుకు ఎవణ్ణీ కొట్టలేదని చెప్పాను. ఆయన నకిలీ విత్తనం అంటగట్టిన కొట్టువాణ్ణి చూసినట్టు కరస్పాండెంటు వైపు చూశాడు.

జనవరిలో అనుకుంటాను, ఫిజిక్సు లెక్చరర్ సెలవు పెట్టాడు. పిల్లలు మాట్లాడకుండా చూడమని నన్ను ఆ క్లాసుకు పంపారు. నేను వాచ్‌మన్ గదిలో పాడై పడి ఉన్న కాలింగ్ బెల్లు విప్పి, దాని తీగను మేకుకు చుట్టి, టార్చిలైటు బ్యాటరీలు తగిలించాను. మేకు గుండుసూదుల్ని లాక్కుంటుంటే వెనక బెంచీలవాళ్ళు లేచి ముందుకొచ్చారు. చివర్లో "కోయీ షక్?" అన్నాను, అర్థం చెప్పాను. మొదట ఎవరూ కదల్లేదు, ఆ కాలేజీలో అనుమానం రావడం కూడా డిసిప్లిన్ తప్పడమే. తర్వాత ఒకమ్మాయి చెయ్యెత్తి, బ్యాటరీ తీసేశాక కూడా ఒక సూది ఎందుకు అంటుకునే ఉందని అడిగింది. ఇక అందరూ అడగడం మొదలుపెట్టారు. రిటైరయ్యాక నేను అంత సంతోషంగా ఉన్న గంట ఇంకొకటి లేదు.

ఆ గోలకు కరస్పాండెంటు పరిగెత్తుకొచ్చాడు. "ఏంది సారూ ఇది? మిమ్మల్ని పెట్టిందే గోల లేకుండా ఉండటానికి," అని నన్ను బయటికి పిలిచాడు. క్లాసు మళ్ళీ నిశ్శబ్దమైపోయింది.

అడ్మిషన్ల కాలం వచ్చింది. ఐడీ కార్డుకని ఆఫీసువాళ్ళు నా పాస్‌పోర్టు ఫొటో తీసుకున్నారు. కొన్నాళ్ళకు బస్టాండు ఎదురుగా తల ఎత్తి చూద్దును కదా, మెడ పైన నేనున్నాను. మెడ కింద ఎవడో ఆరడుగుల విదేశీయుడు. వాడి యూనిఫాం మనది కాదు, తుపాకీ మనది కాదు, గుండె నిండా ఉన్న పతకాలు ఏ యుద్ధానివో నాకు తెలియదు. మొహం నా రంగులో ఉంటే చేతులు సున్నం కొట్టినంత తెల్లగా ఉన్నాయి. కింద పెద్ద అక్షరాలతో "కర్నల్ గారి పర్యవేక్షణలో మిలిటరీ క్రమశిక్షణ" అని రాయించారు. దాన్ని రోజూ అంతమంది చూశారు, చేతుల సంగతి ఒక్కరూ అడగలేదు.

తీయించమని వెళ్ళి అడిగాను. లేని హోదా తగిలించుకోవడం మా సైనికుల్లో ఎంత సిగ్గుమాలిన పనో చెప్పాను, కనీసం హవల్దార్ అని దిద్దించమన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"హవల్దారంటే జనానికి ఏం అర్థమయిద్దండీ? కానిస్టేబులనుకుంటారు. మీరు ఫ్లెక్సీ జోలికి రాకండి, జూన్ నుంచి ఫస్టియర్ రెండు సెక్షన్లు మీకు రాసిస్తా."

ఆయన కాలేజీలో క్లాసులోకి అడుగు పెట్టడానికి డిగ్రీ కావాలి, కర్నల్ కావడానికి మాత్రం పాస్‌పోర్టు ఫొటో చాలు. ఆ మాట ఆయన మొహం మీద అనాల్సింది. అనలేదు, రెండు సెక్షన్లు నా నోరు మూయించాయి. ఇంటికొచ్చి మా ఆవిడకు చెబితే, ఇన్నేళ్ళూ హవల్దారు పెళ్ళాంగా బతికాననీ, ఒక ఏడాది కర్నల్ పెళ్ళాం అనిపించుకుంటే తప్పేంటనీ అంది. అప్పటికే పక్కింటివాళ్ళు ఆమెను అలా పిలవడం మొదలుపెట్టారని తర్వాత తెలిసింది. నేనూ మెత్తబడ్డాను. రెండు సెక్షన్లంటే రోజూ అలాంటి గంట రెండుసార్లు.

నాలుగు రోజులకు ఆ ఫ్లెక్సీ ఎదురుగా టీ తాగుతుంటే ఎడ్లపాడు నుంచి మా సుబేదారుగారు బస్సు దిగాడు. హోదాలో నాకు పైవాడు, చుట్టుపక్కల మాజీ సైనికులందరికీ పెద్దదిక్కు. మోకాలు చెడి కొంచెం కుంటుతాడు. ఫ్లెక్సీని చూశాడు, నన్ను చూశాడు. తిన్నగా నా దగ్గరికి వచ్చి, సంచి కింద పెట్టి, ఆ మోకాలుతోనే మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు.

"జైహింద్, కర్నల్ సాబ్."

ఆయన నవ్వలేదు. సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. టీకొట్టాయన నిజంగానే బెదిరి, నా గ్లాసు మార్చి, కొత్త గ్లాసులో మీగడ వేసి ఇచ్చాడు. అంత సిగ్గు నేను రిక్రూటుగా ఉన్నప్పుడు కూడా పడలేదు. ఆ సాయంత్రమే కరస్పాండెంటుకు రానని చెప్పేశాను. చేతికొచ్చిన జూన్ వదులుకుంటున్నానని ఆయన నా మీద జాలిపడ్డాడు.

ఫ్లెక్సీ మాత్రం వానలు పడి చిరిగేదాకా అక్కడే ఉంది. నేను ఇప్పుడు పొలాల్లో బోరు మోటార్ల స్టార్టర్లు బాగుచేస్తున్నాను. పని బాగానే ఉంటుంది, కాకపోతే స్టార్టరుకు అనుమానాలు రావు.

ఈ ఏడు ఎండాకాలం ఒక పెళ్ళికని విజయపురి సౌత్ బస్సెక్కాను. మాచర్లలో బస్సాగినప్పుడు కిటికీలోంచి చూస్తే వాడే, నా విదేశీయుడు. అదే తుపాకీ, అవే పతకాలు, అవే తెల్లటి చేతులు. తల ఒక్కటే మారింది. ఒళ్ళు సర్వీసులోనే ఉంది, తలలే రిటైరవుతున్నాయి.

ఆ తల నాకు తెలుసు. గురజాల వైపు అతను, నాకంటే ఒక మెట్టు కింద, నాయక్‌గా రిటైరయ్యాడు. సైన్యంలో కుర్రాళ్ళకు లారీలు నడపడం నేర్పిన ఉస్తాద్. మా మాజీ సైనికుల మీటింగుల్లో కలిసినప్పుడల్లా డ్రైవింగు, మెకానిజం కలిపి పిల్లలకు ఒక కోర్సు చెప్పాలని ఉందనేవాడు. బస్సులోంచే ఫోన్ చేశాను. చానా సంతోషంగా పలికాడు. మీసం కూడా పెంచుతున్నాడట.

"క్లాసు ఇచ్చారా?" అని అడిగాను.

"ఇత్తన్నారన్నా, జూన్ నుంచి."

"ఏ సంవత్సరం జూనో అడిగావా తమ్ముడూ?"

నేను హాస్యమాడుతున్నాననుకొని అతను గట్టిగా నవ్వాడు.