బోర్డు మూలన మూడు వరుసలు

ఈ సంగతి ఇంతకుముందే ఎందుకు రాయలేదని అడిగితే రెండు కారణాలు చెబుతాను. ఒకటి, నాకు రాయడం వచ్చేది కాదు. యాభై రెండేళ్ళు వచ్చేదాకా వేలిముద్రే నా సంతకం. రెండు, రాయడం మొదలుపెట్టిన నాలుగో నెలలోనే నేను చేసిన ఘనకార్యానికి బెంగళూరు వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల గేట్లు బిగుసుకుపోయాయి. ఆ తర్వాత చాలాకాలం ఈ సంగతి రాయడానికి పెన్ను పట్టుకోలేదు. ఇప్పుడు పట్టుకున్నాను. నవ్వడానికి మీరు సిద్ధమైతే నేనూ సిద్ధమే.

మాది అక్కడే కుందలహళ్ళిలో చిన్న కంపెనీ. ‘మాది’ అన్నానని ఓనరునేమో అనుకునేరు. నేనక్కడ ఊడ్చి, తుడిచి, టీ పెట్టే ఓబులక్కను. వాళ్ళు చేసేది అపార్ట్‌మెంటు గేటు దగ్గర వచ్చినవాళ్ళెవరో చూసి గేటు తెరిచే యాప్. ఆ యాప్‌కు ప్రాణం సర్వర్‌లో ఉండేది. ఆ సర్వర్ ఏదో చూసి, దుమ్ము దులుపుదామని ఆఫీసంతా వెతికాను. కనబడలేదు.

“అది ఇక్కడుండదక్కా,” అంది సింధు. “ఎక్కడో వేరే కంపెనీ వాళ్ళ కంప్యూటర్లో చోటు తీసుకుని వాడుకుంటాం.”

“అంటే బాడిగిల్లు.”

“అంతే! తాళంచెవి మాత్రం మన దగ్గరుంటది.”

ఈ సింధు ఖమ్మం పిల్ల, ఆ యాప్ తయారుచేసేవాళ్ళలో ఒకతె. మధ్యాహ్నం అన్నం తిన్నాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు అక్షరాలు నేర్పిన గురువు. “రోజూ ఒక పేజీ రాయాలక్కా. ఏది కనబడితే అది రాయి. అర్థం తర్వాత నేను చెప్తా,” అనేది. నేను బిస్కెట్ ప్యాకెట్లు రాశాను. చేతులు కడుక్కునే సబ్బు సీసా రాశాను. మంటలార్పే ఎర్ర సిలిండరు మొత్తం, తయారైన తేదీతో సహా, రాశాను. నాలుగో నెలకు ఆఫీసులో రాయడానికి ఏమీ మిగల్లేదు, బోర్డు తప్ప.

పెద్ద తెల్లబోర్డు. పొద్దున రాసింది సాయంత్రం నేనే తుడిచేదాన్ని. కానీ ఒక మూలన ఎర్రటి గడి గీసి, అందులో మూడు వరుసలు ఉండేవి. గడి పైన ఇంకో వరుస. అదేమిటని అడిగితే సింధు చదివి చెప్పింది: “డు నాట్ ఎరేజ్. చెరపొద్దు అని.” నాకు పూర్తిగా అర్థమైన మొదటి ఇంగ్లీషు వాక్యం అదే. అప్పటినుంచి గుమ్మం ముందు ముగ్గు తొక్కకుండా నడిచినట్టు, ఆ గడి చుట్టూ గుడ్డ తిప్పి తుడిచేదాన్ని.

గడిలో ఉన్నవాటికి అర్థం పర్థం లేదు. నాకు అదే నచ్చింది. అర్థం లేనిదాన్ని తప్పు చదివావని ఎవరంటారు? రోజూ ఒక పేజీ నిండా ఆ మూడు వరుసలే దింపాను. మూడో వరుసలో తోక చుట్టుకుని పడుకున్న పిల్లిలాంటి గుర్తొకటి ఉండేది. దాన్ని రాయడానికి మూడు రోజులు కష్టపడ్డాను.

ఆ నెల సింధు నా పుస్తకం దిద్దలేదు. వేరే ఉద్యోగం వచ్చి, నోటీసు పీరియడ్‌లో పనులన్నీ అప్పగించే తొందరలో ఉంది. దిద్దకపోయినా చూసినవాళ్ళు ఒకరున్నారు, హెచ్చార్ దివ్య మేడం. “వావ్ అక్కా! సూపర్ హ్యాండ్‌రైటింగ్! పుస్తకం అలా పట్టుకో, స్మైల్!” అని ఫోటో తీసి కంపెనీ పేజీలో పెట్టింది. ‘మా ఓబులక్క రాయడం నేర్చుకుంది’ అని కింద రాసిందట. నేను ఆ రోజంతా నేల మీద నడవలేదు.

రెండు రోజులకు, పొద్దున పదిగంటలప్పుడు, ఆఫీసులో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. గేట్లు తెరుచుకోవడం లేదు. ఒక అపార్ట్‌మెంటులో గృహప్రవేశమట. బంధువులు లోపల, పురోహితుడు బయట, ఆవు సరిగ్గా గేటు మధ్యలో.

సర్వర్ చూసుకునే ఇంతియాజ్ కర్నూలు పిల్లోడు. తెర చూసి తల పట్టుకున్నాడు. “సార్, మన సర్వర్లో ఎవుడో దూరినాడు. దాని బలమంతా వాని పనికి వాడుకుంటాండాడు.”

మా ఓనరు కిరణ్ సార్‌ది తరాలుగా బెంగళూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. “ఏమప్పా, తాళం పగలగొట్టినాడా?”

“లేదు సార్. తాళంచెవి పెట్టి, తీసుకుని, దర్జాగా వచ్చినాడు.”

ఇంతియాజ్ సర్వర్ని ఇంటర్నెట్ నుంచి విడదీశాడు. జరిగినదానికి నకలు తీసి దాచాడు. అదే చిరునామాకు వేరే సర్వర్ లేపి, కొత్త తాళంచెవి తయారుచేశాడు. కిరణ్ సార్ లేచి, గడిలో మూడో వరుస చెరిపి, కొత్తది రాసి, “ఇంక ఇది మన ముగ్గురికే తెలుసు. నాకు, ఇంతియాజ్‌కి, సింధుకి,” అన్నారు.

నాలుగోదాన్ని నేను టీ ట్రే పట్టుకుని అక్కడే ఉన్నాను. కొత్త వరుసలో రెండు పిల్లులున్నాయి. నా ఆనందం ఏమని చెప్పను! వంటగదిలోకి వెళ్ళి పేజీ నింపేశాను.

దివ్య మేడం వచ్చింది. “అబ్బా, ఆఫీసంతా ఏడుపు మొహాలే అక్కా. ఒక్క పాజిటివ్ పోస్ట్ అయినా పెడదాం. బుక్ ఓపెన్ చేయి.”

గంటలో గేట్లు మళ్ళీ ఆగాయి. ఆవు అప్పుడే లోపలికి వెళ్ళిందట. ఇప్పుడు బయటికి రాదు.

కిరణ్ సార్ మొహం ఎండుమిరపకాయలా అయింది. “ముగ్గురం. నేను చెప్పలేదు. ఇంతియాజ్ పొద్దున్నుంచి కుర్చీలోనుంచి లేవలేదు. సింధూ, వెళ్ళిపోయేముందు ఇదా నువ్వు చేసేది?”

“సార్, నేనెందుకు చేస్తాను?”

“సోమవారం నీకు రిలీవింగ్ లెటర్ ఇచ్చేది లేదు. నువ్వు చేరబోయే కంపెనీకి కూడా నేనే ఫోన్ చేస్తాను.”

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ఒళ్ళు మండింది. “సార్, ఆ బిడ్డ అట్లాంటిది కాదు.”

“నువ్వుండక్కా. అది పేరా, ఊరా, దోవన పొయ్యేవాళ్ళు చూసి గుర్తు పెట్టుకోడానికి? తెలిసినోళ్ళే చెప్పాల.”

అక్కడ దెబ్బ తగిలింది నాకు. నాలుగు నెలల చదువు! “ఎందుకు పెట్టుకోలేం సార్?” అని, బోర్డుకు వీపు తిప్పి, కళ్ళు మూసుకుని, బడిపిల్లలా చేతులు కట్టుకుని అందుకున్నాను. “పెద్ద కే, చిన్న ఆర్, ఏడు, పడుకున్న పిల్లి, పెద్ద టీ, నాలుగు, ఇంకో పిల్లి...” చివరిదాకా ఒక్కటి తప్పలేదు. చప్పట్ల కోసం కళ్ళు తెరిచాను.

ఎవరూ కొట్టలేదు.

“నీకెట్లా తెలుసు?” అన్నారు కిరణ్ సార్.

“పేజీ నిండా రాసినా కదా సార్. పాతది కావాలన్నా చెప్తా. అది నెల దినాలు రాసినా.”

“ఎవరికైనా చూపించినావా?”

“ఒట్టు సార్, ఎవరికీ చూపించలే. దివ్య మేడం ఒక్కరే ఫోటో తీసినారు.”

అందరి తలలూ దివ్య మేడం వైపు తిరిగాయి. ఆమె ఫోను వీపు వెనక దాచుకుంది. “సార్... చాలా లైకులొచ్చాయి సార్.”

ఇంతియాజ్ ఆ ఫోటో పెద్దది చేసి చూశాడు. మొదటి వరుస సర్వర్ చిరునామా. రెండోది పేరు. మూడోది తాళంచెవి, అదే పాస్‌వర్డ్. పైన నా నవ్వు. “ఆ లైకుల్లో ఒకటి దొంగోడిదే ఉంటాది సార్,” అన్నాడు. “పాపం, అక్షరాలు గుండ్రంగా ఉండాయని మెచ్చుకునే ఉంటాడు.”

అప్పుడు సింధు నవ్వింది, కన్నీళ్ళు తుడుచుకోకుండానే. నేను మాత్రం అక్కడే నేల మీద చతికిలబడ్డాను. “నన్ను పంపించేయండి సార్. ఆ బిడ్డ లెటర్ ఆపొద్దు. అయినా అడుగుతా... అంత దాచుకోవాల్సింది బోర్డు మీద ఎవరు రాసినారు సార్?”

కిరణ్ సార్ తన చేతిలోని మార్కరు కేసి చూశారు. తర్వాత దానికి మూత పెట్టి, “ఇంతియాజ్, తాళంచెవి మళ్ళీ మార్చప్పా. ఈసారి నాకు కూడా చెప్పొద్దు,” అన్నారు. సింధుకు క్షమాపణ చెప్పి, లెటర్ మీద అక్కడే సంతకం పెట్టారు. దివ్య మేడం ఫోటోలు తీసేసింది. ఆవు సంగతి నాకు తెలియదు.

వెళ్తూ సింధు నాకు చివరి హోంవర్క్ ఇచ్చింది: “రేపటి నుంచి నీ సొంత మాటలే రాయాలక్కా.”

మరుసటి రోజు పొద్దున్నే, ఎవరూ రాకముందు ఆఫీసుకు వెళ్ళాను. ఆ గడిలో మూడు వరుసలూ తడిగుడ్డతో తుడిచాను. నెలల మరకలు, అరగంట పట్టింది. తర్వాత మార్కరు తీసుకుని, నా జీవితంలో మొదటి సొంత వాక్యం రాశాను: ‘అర్థం తెలియనిది ఓబులమ్మ ఈ జన్మలో రాయదు.’ కింద సంతకం కూడా పెట్టాను. చుట్టూ ఎర్రగడి గట్టిగా దిద్దాను.

పైన డు నాట్ ఎరేజ్ ఎలాగూ ఉంది. ఆ ఆఫీసులో బోర్డు తుడిచేది నేనొక్కదాన్నే కాబట్టి, నా ప్రతిజ్ఞ ఇప్పటికీ అలాగే ఉంది.