శ్రమ దినాల్లో కుక్కకు వండిన మాంసం

పొద్దున వంటింట్లోకి అడుగుపెట్టగానే ముక్కుకు తగిలేది ఇప్పుడు చాయ్ వాసన కాదు, పచ్చి మాంసం వాసన. నల్లగండ్లలో మా ఫ్లాట్ సింకులో ఫ్రీజర్‌లోంచి తీసిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి కరుగుతూ ఉంటుంది. అందులో కోడి మెడలు, కార్జం, గుండె అన్నీ కలిపి రుబ్బిన ఎర్రటి ముద్ద, మూత మీద పరుగెత్తే తోడేలు బొమ్మ. అదంతా మా కోకో కోసం. కోకో ముసలి లాబ్రడార్, పళ్ళు సగం ఊడాయి, లేవాలంటే నడుము సహకరించదు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మా అబ్బాయి వినయ్ ఫోన్‌లో ఏదో గ్రూపులో చేరి, వండిన తిండి కుక్కలకు విషమని, పూర్వీకుల ఆహారమే మందని చదివి, ఇన్నేళ్ళుగా అది తింటున్న అన్నం, కోడి ఒక్క రోజులో మాన్పించి ఈ డబ్బాలు తెప్పించాడు. కోకో వాసన చూసి మొహం తిప్పుకుంది. రెండు రోజులుగా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

"ఆకలైతే అదే తింటది మమ్మీ, నువ్వు జర పట్టించుకోకు. తోడేళ్ళకు ఎవరు వండిపెట్టిన్రు?" అన్నాడు వాడు. డాక్టర్‌ను అడిగావా అంటే, డాక్టర్లకు ఇవన్నీ తెలియవట! నాకు ఒళ్ళు మండిపోయింది. కుక్కర్ కూత వినపడ్డప్పుడల్లా ఆ మూగజీవి కుంటుకుంటూ వచ్చి స్టౌ ముందు కూర్చుంటుంటే, దాని కడుపు మాడ్చి సిద్ధాంతం నేర్పిస్తారా ఎవరైనా?

తోడేళ్ళ సంగతి నాకు తెలియదు. పచ్చి మాంసం మీదే బతికిన కుక్క సంగతి మాత్రం బాగా తెలుసు. నా చిన్నప్పుడు అది మా వాకిట్లోనే ఉండేది.

మేముండే అప్పటి కొత్తగూడ అంటే ఇప్పుడు ఫ్లైఓవర్ కింద హారన్లు మోగించుకునేవాళ్ళు నమ్మరు. ఎటు చూసినా ఏనుగుల్లాంటి బండలు, బండల సందుల్లో సీతాఫలం పొదలు, వాన వెలిసాక ఆ రాళ్ళ గుంటల్లో నిలిచిన నీళ్ళలో మేం వదిలిన కాగితం పడవలు, చలికాలం పొద్దున్నే ఎండ కోసం బండెక్కి కూర్చుని చీక్కుతిన్న సీతాఫలాలు, గింజలు ఎవరు దూరం ఉమ్ముతారోనని పందాలు, సాయంత్రం చిర్రగోనె ఆట, కర్ర విరిగితే గోటీలాట. నాన్న జీడిమెట్లలో మందుల కంపెనీకి పోయి వచ్చేవాడు, ఆయన చొక్కాకు ఎప్పుడూ ఘాటు వాసన వేసేది. అమ్మ దవాఖానలో నర్సు. ఇంట్లో రాజ్యమంతా మెదక్ నుంచి వచ్చిన మా నాయనమ్మదే. క్రిస్మస్‌కు గరిజెలు వత్తాలన్నా, వెదురుబద్దలతో నక్షత్రం కట్టించాలన్నా, పిల్లల వీపులు విమానం మోత మోగించాలన్నా ఆమె చేతులమీదుగానే జరగాలి.

ఆ వాకిట్లోకి ఒక చలికాలం చివర టైగర్ వచ్చింది. పేరు మేం పెట్టిందే, పులి లక్షణాలేవీ లేవు. ఊరి మటన్ దుకాణం వెనక పారేసిన పేగులు, తిత్తులు తిని పెరిగిన కుక్క. ఒంటి మీద వెంట్రుకలు రాలి, కడుపు ఉబ్బి, నోరు తెరిస్తే అంతదూరం కంపు కొట్టేది. తింటున్నప్పుడు దగ్గరికెవరైనా పోతే పళ్ళు బయటపెట్టేది. వచ్చిన కొన్నాళ్ళకే పక్కింటి యాదమ్మ పొదగేసిన కోడిని పట్టి వాకిట్లోనే చీల్చేసింది. ఈకలు మా గడప దాకా ఎగిరాయి. యాదమ్మ శోకాలు పెట్టింది, బస్తీ అంతా పోగైంది. పచ్చి నెత్తురు రుచి చూసింది ఇక మారదు, రేపు పసిపిల్లల మీద పడుతుంది, గోనెసంచిలో కట్టి దూరంగా బండల్లో వదిలేయండి అన్నారు. నేను టైగర్ మెడ కావలించుకుని ఏడ్చాను. నాయనమ్మ యాదమ్మకు మా పెట్టనొకదాన్ని ఇచ్చి, "ఈస్టర్ దాక ఆగున్రి. అప్పటికీ గిట్లనే ఉంటే మీ ఇష్టం," అంది.

ఈస్టర్ దాకా అంటే ముందున్నవన్నీ శ్రమ దినాలు, క్రీస్తు పడ్డ బాధలు తలుచుకుంటూ ఉపవాసముండే రోజులు. ఆ నలభై రోజులు మా ఇంట్లో మాంసం ముట్టరు. పప్పు, చింతపండు చారు, మళ్ళీ పప్పు. గుడ్డు కూడా లేదు. మాకు నాలుకలు పీకుతున్న ఆ రోజుల్లోనే నాయనమ్మ వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి, సొట్టపడ్డ సత్తు గిన్నెలో టైగర్ కోసం మాంసం ఉడకబెట్టడం మొదలుపెట్టింది. మొదట్లో ముక్కల్ని వేడినీళ్ళలో ముంచి తీసి, పచ్చి వాసన పోకుండానే పెట్టింది. అది అలవాటయ్యాక ఇంకాస్త ఉడకనిచ్చింది. తర్వాత చిటికెడు పసుపు, గుప్పెడు నూకలు, ఆ పైన ఇంకో గుప్పెడు. బొక్కలన్నీ చేత్తో ఏరి అవతల పారేసేది. ఏ రోజైనా టైగర్ గిన్నె వదిలేసి పోతే, మర్నాడు నూకలు తగ్గించేది తప్ప దాన్ని పస్తు పెట్టలేదు. "దాని మొకం జూసి పెట్టాలె బిడ్డా," అనేది, పొగకు కళ్ళు తుడుచుకుంటూ.

అలాంటి ఒక సాయంత్రం ఇంటి ప్రార్థనకు మా చర్చి అయ్యగారు వచ్చారు. గడపలోనే ఆగి గాలి పీల్చారు. అమ్మ మొహం పాలిపోయింది.

"ఏందమ్మా, శ్రమ దినాల్ల కూర వాసనొస్తుంది?" అన్నారు నాయనమ్మతో.

"మాకు గాదు అయ్యగారూ, కుక్కకు."

"కుక్కకు వండుడేంది? గది పచ్చిదే తింటది గద!"

"తింటది. గందుకే దాన్ని వాకిట్ల ఉండనిస్తలేరు. వండింది తింటెనే ఇంటిది లెక్క ఉంటది," అంది నాయనమ్మ, గిన్నె దించుతూ.

అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ఆ ఆదివారం చర్చిలో మాత్రం ఆడవాళ్ళు మమ్మల్ని చూసి గుసగుసలు పోయారు. ఉపవాసాల్లో మాంసం వండిన ఇల్లని పేరు పడింది. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది, ఇకనైనా ఆపమని బతిమాలింది. నాయనమ్మ పొయ్యి ఆర్పలేదు. ఆమె మొండితనం మీద నాకిప్పటికీ గౌరవమే.

వండిన తిండి వల్లో, అమ్మ తెచ్చి మింగించిన నులిపురుగుల మందు వల్లో, రోజూ వేళకు కడుపు నిండడం వల్లో చెప్పలేను గానీ, ఈస్టర్ వచ్చేసరికి టైగర్ ఒంటిమీద కొత్త వెంట్రుకలు మొలిచాయి. మేం దాని గిన్నెలో చెయ్యి పెట్టినా తోక ఊపేది. యాదమ్మ కోళ్ళు దాని ముందు నుంచే ఏరుకుంటూ పోతుంటే ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ పడుకునేది. గోనెసంచి మాట బస్తీలో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. టైగర్ మా వాకిట్లోనే ముసలిదై కన్నుమూసింది.

ఆ బండలు పగలగొట్టి అద్దాల మేడలు కట్టారు. సీతాఫలాలు ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే అట్టపెట్టెలో వస్తాయి. వాకిలి లేదు, మూడు రాళ్ళ పొయ్యి లేదు. పోతే పోనీ, వాటికోసం ఏడవను. ఎదుటి ప్రాణి తిన్నదా లేదా అని మొహం చూసి తెలుసుకునే ఓపిక పోయింది చూడండి, దానికి నాకు కోపం. ఒక కుక్క తిండి మార్చడానికి మా నాయనమ్మకు నలభై రోజులు పట్టింది, ఊళ్ళో మాటలు పడాల్సి వచ్చింది. నా కొడుక్కి ఒక్క ఆర్డర్ సరిపోయింది.

మూడో రోజు వాణ్ణి అడగలేదు. డబ్బా ఫ్రీజర్‌లోకి నెట్టేసి, కోడి మాంసం మెత్తగా ఉడికించి, అన్నం పిసికి కోకో ముందు పెట్టాను. లేవలేక పడుకునే గిన్నె ఖాళీ చేసింది. సాయంత్రం వినయ్ వచ్చి ఆ గిన్నె చూశాడు. ఫోన్‌లో గ్రూపుకు చెప్పాడు కాబోలు, వాళ్ళ జవాబు నాకే చదివి వినిపించాడు: మీ మమ్మీ అంతా పాడుచేసింది, మళ్ళీ మొదటి నుంచి పస్తు పెట్టండి.

చదివాక వాడే ఆగిపోయాడు. కింద కూర్చుని కోకో పక్కటెముకల మీద చెయ్యి వేశాడు. ఎముకలు చేతికి తగిలినట్టున్నాయి.

"రేపు ఏం వండుతవు మమ్మీ దీనికి?" అన్నాడు చివరికి.

"నేనెందుకు వండుత? నువ్వు వండు," అన్నాను.

లేచి బియ్యం డబ్బా తీశాడు. గిన్నెలో పోసి, నీళ్ళెన్ని పోయాలో తెలియక నిలబడి, జేబులోంచి ఫోన్ తీశాడు. లాక్కుని ఫ్రిజ్ మీద పెట్టాను.