ఎండు ద్రాక్ష నీళ్లు

ఎండు ద్రాక్ష ఉడుకుతుంటే ముందు తీపి వాసన వస్తుంది, కాసేపటికి అందులోంచే పుల్లటి ఘాటు లేస్తుంది. నెలనెలా మొదటి ఆదివారానికి ముందు రోజు మా వంటింట్లో ఆ వాసన ఉంటుంది. మర్నాడు చర్చిలో ప్రభు బల్ల దగ్గర అందరూ తలో గుక్క తాగే రసం అదే. నర్సీపట్నంలో నాకంటే ముందు ముప్పై ఏళ్లు ఈ పని చేసినావిడ కరుణమ్మ మేడం, జూనియర్ కాలేజీలో మా జువాలజీ లెక్చరర్. ఆవిడ పోయి రెండేళ్లయింది. గిన్నె పొంగితే ఇప్పటికీ ఆవిడ తిడుతున్నట్టే ఉంటుంది.

మా నాన్న తాపీమేస్త్రీ. చేతిలో పని బంగారం, సాయంత్రమైతే సారా. దుకాణం ముందు నేను చొక్కా పట్టుకుని లాగుతుంటే, "ఇంకొంచెం, ఇంకొంచెమేరా" అనేవాడు. ఆ ఇంకొంచెం ఆయన్ని నలభై దాటనివ్వలేదు. ఆ తర్వాత నేను ఎవరిమీద కోప్పడినా వీధిలో ఒకటే మాట: "విత్తొకటేస్తే సెట్టొకటి మొలుత్తాదేటి?" ఒళ్లు మండేది. మండుతూనే నమ్మాను. తొంభైల చివర, ఇంటర్ చదివే రోజుల్లో, బల్ల దగ్గర రొట్టె మాత్రం తీసుకుని, రసం గిన్నె తాగకుండానే పక్కవాళ్లకు దాటించేసేవాణ్ణి.

మేడం కళ్లు ఊరుకుంటాయా! ఒక శనివారం ఇంటికి పిలిపించారు.

"ఏటిరా సామేలూ, గిన్నెంటే అంత భయమేటి?"

"మా నాన్న రక్తం నాలో ఉంది గదండీ. ఒక్క సుక్క పడితే ఊరుకుంటాదేటండి?"

ఆవిడ పొట్టపట్టుకుని నవ్వారు. పొయ్యి మీది గిన్నె చూపించి, "ఇది సారా కాదురా ఎర్రోడా, ఎండు ద్రాక్ష నీళ్లు!" అన్నారు. వెంటనే నవ్వు ఆపేశారు. "మా నాన్న చర్చి పెద్ద. అప్పట్లో నిజం ద్రాక్షారసమే పోసేవారు. ఆయన ఒక్క గుక్కతో ఆగలేకపోయేవాడు. ఆయన ఒక్కడి కోసం పాస్టరుగారు సంఘమంతటికీ దీన్ని పెట్టించారు. ఎవరూ ఆయన్ని వేలెత్తి చూపలేదు." ఏడాదిపాటు ద్రాక్ష నీళ్లకు భయపడినందుకు నాకు సిగ్గేసింది. ఇలాంటి ఇంటి మనిషి ఇంకొకరున్నారని తెలిసి ఏడుపూ వచ్చింది.

పెళ్లయ్యాక నా భార్య కడుపుతో ఉన్నప్పుడు, కూరలో ఉప్పెక్కువైందని కంచం గోడకేసి కొట్టాను. చుక్క తాగలేదు, అయినా ఆ విసురు అచ్చం మా నాన్నదే. నేరుగా మేడం దగ్గరికి పరిగెత్తాను.

"పుట్టబోయే బిడ్డకీ ఇది అంటుకుంటుందాండీ?"

ఆవిడ బుజ్జగించలేదు. తన తండ్రి పాత కీర్తనల పుస్తకం తెచ్చి తెరిచారు. కొన్ని చరణాల పక్కన పెన్సిలుతో ఇంటూ మార్కులు, కొన్నిటికి గీతలు.

"ఏ చరణం పాడాలి, ఏది వదలాలి అని మా నాన్న పెట్టిన గుర్తులురా. అచ్చులో అక్షరం మారలేదు. ఏళ్లతరబడి తాగితే జన్యువుల మీదా ఇలాంటి గుర్తులు పడతాయంటున్నారు. ఎలుకల్లో కొన్ని గుర్తులు పిల్లలకీ చేరుతున్నాయట. మనుషుల్లో ఇంకా తేలలేదు. నీ బిడ్డకి చేరవని నీకు అబద్ధం సెప్పలేను."

"అయితే నా బతుకింతేనాండీ?"

"ఇంతే అని ఎవడన్నాడు? కొన్ని చెరుగుతాయి, కొన్ని చెరగవు. గుర్తు నువ్వు పెట్టుకున్నది కాదు, దానికి నువ్వేడవకు. కంచం మాత్రం నువ్వే విసిరావు. ముందు ఇంటికెళ్లి ఆ పిల్లకి తప్పయిందని సెప్పు. బేగెళ్లు!"

వెళ్లి చెప్పాను. మా ఇంట్లో మగవాడు ఆ మాట అనడం అదే మొదలనుకుంటాను. కోపం నాకిప్పటికీ ఎక్కువే, కంచాలు మాత్రం క్షేమంగా ఉన్నాయి. మేడం పోయేముందు ఆ పుస్తకమూ, ద్రాక్ష ఉడికించే గిన్నె కూడా నాకే ఇచ్చారు.

మొన్న శనివారం రసం వడకట్టి, ఐదేళ్ల మా అమ్మాయికి చెంచాడు రుచి చూపించాను. చప్పరించి, "ఇంకొంచెం నాన్నా" అంది. అదే మాట, అదే సాగదీత. నా చెయ్యి ఆగిపోయింది. భయమేసింది, దాచుకోవడమెందుకు. అయినా చెంచా నింపి ఇచ్చాను.

తాగింది. మూతి తుడుచుకుంది. "చాలు" అని ఆటకు పోయింది.