అక్కయ్య గడ్డి, నా గడ్డి

మొన్న పొద్దున చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ రేడియోలో వ్యవసాయ కార్యక్రమం వింటున్నాను. గడ్డి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి, అందులోని కర్బనంతో ఆకుల్లో తీపి వండుకుంటుందనీ, వండినదంతా తానే తినకుండా కొంత వేళ్ల గుండా మట్టిలోని సూక్ష్మజీవులకు పంపుతుందనీ, అవి ఆ తీపి తిని బతుకుతూ గడ్డికి కావలసిన సత్తువను మట్టిలోంచి అందిస్తాయనీ, ఆకును మొదలంటా కోస్తూ పోతే కిందికి పంపడానికి పెద్దగా ఏమీ మిగలదనీ ఎవరో పెద్దమనిషి నింపాదిగా చెప్పుకుపోతున్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా నా కడుపు భగ్గుమంది. మా పెద్ద తోడికోడలు, అక్కయ్య, గుర్తొచ్చింది మరి.

బస్తరు రాజుల ఏలుబడి రోజులవి. నేను కొంటాకు కొత్త కోడలిగా వచ్చాను. అత్తవారికి బజారులో దుకాణం, శబరి ఒడ్డున కొంత గడ్డినేల ఉండేవి. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆవును ఏ కోడలికి ఆ కోడలే మేపుకోవాలన్నది ఆ ఇంటి పద్ధతి. అందుకని మామగారు ఆ నేలకు నడుమ గట్టు వేయించి పై ముక్క అక్కయ్యకు, కింది ముక్క నాకు ఇచ్చారు. మా పుట్టింటి అలవాటు కొద్దీ నేను గడ్డిని నేలకానించి గీకినట్టు కోసి, ఎండాకాలం మిగిలిన మోళ్లకు నిప్పు పెట్టించేదాన్ని. అక్కయ్యకేమో నడుంనొప్పి. వంగలేక జానెడు గడ్డి వదిలేసి పైపైన కోసుకుపోయేది. నిప్పంటే భయం కనుక తన ముక్కలో పెట్టనిచ్చేది కాదు. అయినా ఆమె నేల నల్లగా, మెత్తగా, వానలు వెనకబట్టాక కూడా పచ్చగా ఉండేది. నా ముక్కలో మన్ను బిగుసుకుపోయి గడ్డి ఏటికేడు పలచబడింది.

ఒళ్లు మండేది నాకు. చాటుగా ఏ మందో చల్లిస్తోందని కూడా అనుమానపడ్డాను. ఒకనాడు ఆమె గట్టు మీద నిలబడి, "ఏందే చెల్లె, గట్ల మొదలంటా గీకుతవు? కొంచెం ఉండనియ్యరాదె," అంటే, "నీ లెక్క నాకు నడుంనొప్పి లేదక్కా," అని మూతి తిప్పుకున్నాను.

ఆ మరుసటి ఏడు వానలు ముఖం చాటేశాయి. ఇంట్లో ఒక్క ఆవునే ఉంచగలమని మామగారు తేల్చారు. అక్కయ్య ఆవు నిండు పొదుగుతో ఉంది, నాది బొక్కలు తేలి ఉంది. ఇక చెప్పేదేముంది, మా అమ్మ బొట్టుపెట్టి ఇచ్చిన ఆవును ఎర్రబోరులో చుట్టాలింటికి తోలించారు. వెళుతూ అది నా వంక తిరిగి కూడా చూడలేదు. కడుపు నిండని చోటు మీద దానికి మాత్రం మమకారం ఎందుకుంటుంది?

ఆ రోజు మొదలు అక్కయ్య తన ఆవు పెరుగు నాకు గిన్నె నిండా పెట్టేది. గడ్డపెరుగు, కమ్మగా ఉండేది. అదైనా పుల్లగా ఉంటే నాకు కొంత శాంతిగా ఉండేదేమో!

ఇప్పుడు ఆ గడ్డినేల మీద లారీలు ఆగుతున్నాయి. మా వీధిలో అందరిళ్లలోనూ ప్యాకెట్టు పాలే, ఒకే రుచి పెరుగే, ఒకరిని చూసి ఒకరు కుళ్లుకునే పనే లేదు. రేడియో కట్టేసి అన్నంలో ఆ పెరుగే కలుపుకున్నాను. నీ తెలివి కాదు, నీ నడుంనొప్పే నిన్ను గెలిపించిందని అక్కయ్యను దెప్పాలని నోరు ఊరిపోయింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట చెప్పుకుని నవ్వుకుందామంటే, నా ఆవునూ ఆమె గడ్డినీ ఎరిగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు.