ఉప్పునీళ్లలో విరిగిన మందు

నిన్న పక్క గదిలోంచి నల్ల సిరా వాసన ఘాటుగా వచ్చింది. మనుమరాలు బొమ్మలు వేస్తూ సీసా ఒలకబోసి ఉంటుంది. కోపం రావలసింది పోయి, నాకు డాక్టర్ రాఘవులు గారు గుర్తొచ్చారు. నల్లగొండ పశువుల దవాఖానలో ఆయన డాక్టరు, నేను కాంపౌండరును. నందికొండ దగ్గర డ్యాం కడుతున్న రోజులవి.

మర్రిగూడ వైపు నుంచి ఎల్లయ్య అనే గొర్రెల కాపరి తన కుక్క మోతిని బండి మీద తెచ్చాడు. అది మెడ వంచుకుని ఒకే వైపు గుండ్రంగా తిరుగుతోంది, గోడకు తల ఆనించి నిలబడిపోతోంది.

"ఊరోళ్లు పిచ్చి వట్టిందని కొట్టి చంపుతమంటుండ్రు సారూ. నా మందకు గిదే దిక్కు. జర చూడుండ్రి," అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

డాక్టరు గారు దాన్ని పది రోజులు బోనులో ఉంచి చూశారు. పిచ్చిదైతే ఈపాటికి చచ్చిపోయేదన్నారు. దాని వెన్నులోంచి సూదితో నీరు తీసి, ఒక బొట్టులో ఇదిగో ఈ నల్ల సిరాయే కలిపి, నన్ను మైక్రోస్కోపులో చూడమన్నారు. నల్లటి నేల మీద ముగ్గు చుక్కల్లా తెల్లని అంచుల గుండ్రాలు కనిపించాయి. "బూజు. మెదడుకు వట్టింది," అన్నారు. అలాంటి జబ్బొకటి ఉందనే నాకు అప్పటిదాకా తెలియదు.

దాని మందు హైదరాబాదులో మనుషుల దవాఖానలోనే ఉండేది. అక్కడి స్నేహితుణ్ణి బతిమాలి ఒక్క సీసా పసుపురంగు పొడి తెప్పించారు. గ్లూకోజు నీళ్లలోనే కలపాలని పొద్దున్నే చెప్పారు కూడా. నేనేమో నన్ను మించిన పనివాడు లేడన్నట్టు, రోజూ కలిపే అలవాటులో ఉప్పునీళ్లలో కలిపేశాను. చూస్తుండగానే మందు పాలు విరిగినట్టు విరిగిపోయింది. పారబోసి, సీసా జారి పగిలిందని చెబుదామా అనుకున్నాను. బయట ఎల్లయ్య మోతి చెవుల వెనక గోకుతూ కూర్చున్నాడు. సిగ్గుతో చచ్చిపోతూ వెళ్లి డాక్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన సీసాను వెలుతురుకు ఎత్తి చూశారు. "చెప్పినవు, మంచిగైంది. గిది నరంలకు ఎక్కితే కుక్క పోతుండె," అన్నారు. తర్వాత బయటికి వెళ్లి, "మందు మా చేతుల ఖరాబైంది ఎల్లయ్యా. ఇంకోటి తెప్పిస్త, నాల్గు దినాలు ఓర్చుకో," అన్నారు. నా పేరెత్తలేదు.

ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు. కొత్త సీసాలు వచ్చాక మందును గ్లూకోజులో కలిపి, వెలుతురు తగలకుండా నల్లగుడ్డ చుట్టి, రోజు విడిచి రోజు చుక్కచుక్కగా ఎక్కించాం. నెల దాటాక మోతి తిన్నగా నడిచి వచ్చి ఎల్లయ్య చేతిలోని రొట్టె అందుకుంది. నాకు ఏడుపొచ్చింది. దాని మెడ మాత్రం కొంచెం వంకరగానే ఉండిపోయింది. "ఉండనీ సారూ, గొర్లను ఓరగ చూసుకుంట తిరుగుతది," అని ఎల్లయ్య నవ్వాడు.

ఇదంతా తలచుకుంటూ ఉండగానే మనుమరాలు నల్లబడ్డ చేతులు వెనక పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"తాతా, సిరా నేనే ఒలకబోసిన."

"చెప్పినవు, మంచిగైంది," అన్నాను. ఇద్దరం కలిసి చాప కడిగాం.