పేర్లు రాసినాకే సంతకం

మా గవర్నమెంటు నూనె మిల్లును ప్రైవేటు కంపెనీకి అమ్మినప్పుడు, నేను ఆ మిల్లు క్యాంటీన్‌లో పదకొండేండ్లుగా వంట చేస్తాంటిని. భర్త పోయినాక నాకు ఆ పని ఒక్కటే ఆసరా.

కొత్త మేనేజరు వచ్చి పర్మనెంటు వర్కర్ల లిస్టు చదివినాడు. వాళ్లందరినీ పనిలో ఉంచుకుంటామని, ఒప్పందం కాగితం మీద సంతకాలు పెట్టమని చెప్పినాడు. మేము నలుగురు వంటోళ్లం కాంట్రాక్టు మనుషులం, లిస్టులో మా పేర్లు లేవు. నేను తలుపు దగ్గర నిలబడి అంతా వింటాంటిని.

మొదటి సంతకం యూనియన్ పెద్దాయన పెట్టాల. ఆయన ఆ నెలాఖరుకే రిటైరవుతాండాడు, కొత్త కంపెనీతో ఆయనకేం పని లేదు. అయినా పెన్ను బల్ల మీద పెట్టి, "ఇన్నేండ్లు మాకు అన్నం వండి పెట్టినోళ్ల పేర్లు యాడ ఉండాయప్పా?" అని అడిగినాడు.

"వాళ్లు కాంట్రాక్టు వాళ్లండీ, మాకు సంబంధం లేదు," అన్నాడు మేనేజరు.

"అట్లయితే వాళ్ల పేర్లు రాసినాకే సంతకం పెడతా."

ఆయన వెనక నిలబడినోళ్లు కూడా సంతకం పెట్టకుండా ఒక్కొక్కరే పోయి బెంచీల మీద కూర్చున్నారు. మేనేజరు బయటికి పోయి చానాసేపు ఫోన్‌లో మాట్లాడినాడు. తిరిగొచ్చి మా నాలుగు పేర్లూ తన చేత్తోనే రాసినాడు.

ఇప్పుడు పని ఎక్కువైంది, హాజరుకు మిషన్‌లో వేలు పెట్టాల. అయినా వంట నాదే.

మొన్న రాప్తాడు బస్టాండులో పెద్దాయన కనిపించినాడు. "అన్నా, నీ వల్లనే ఇంకా మిల్లులో ఉండాను," అంటిని.

"నేనేం చేసినానమ్మా, ఉన్న మాట అడిగినా," అన్నాడు.

ఆయన బస్సెక్కేదాకా నేను ఆడనే నిలబడినా.