సంచి మూతి మీద తడి

హైటెక్ సిటీలో, చుట్టూ సాఫ్ట్‌వేర్ ఆఫీసులున్న ఒక గాజు భవనంలో మా ల్యాబ్ ఉంది. క్యాన్సర్ రోగుల మూలకణాలను, అంటే స్టెమ్ సెల్స్‌ని, సంచుల్లో గడ్డకట్టించి దాచడం, వాటిని తిరిగి రోగికి ఎక్కించే మార్పిడి రోజున కరిగించి ఆసుపత్రి వార్డుకు పంపడం మా పని. నేను అక్కడ మైక్రోబయాలజిస్టుని. ఇంట్లో డైరీతో తప్ప ఎవరితోనూ వాదించేదాన్ని కాదు.

ఆ వర్షాకాలం ఒక రోగికి కణాలు ఎక్కించిన సాయంత్రమే చలిజ్వరం వచ్చింది. మందులతో కోలుకున్నాడు కానీ, ఖాళీ సంచిలో మిగిలిన చుక్కల్ని పరీక్షిస్తే బ్యాక్టీరియా పెరిగింది. అతని తర్వాత వరసలో బాచుపల్లి టీచరమ్మ ఉంది. ఆమె జబ్బు అప్పటికి అణిగి ఉంది, ఆలస్యమైతే తిరగబెడుతుంది. అయినా కారణం తేలేదాకా ఆమెకే కాదు, ఎవరికీ మార్పిడి వద్దని ఆసుపత్రి డాక్టరుగారు ఆపేశారు.

మీటింగులో అందరూ వార్డునే తప్పుపట్టారు. "నర్సులు చేతులు సరిగ్గా కడుక్కోలేదేమోనండీ," అన్నారు మా హెడ్ సార్. గుంటూరు మనిషి, కోపంలోనూ అండీ వదలరు.

నాకది నమ్మబుద్ధి కాలేదు. దొరికింది చర్మం మీద ఉండే రకం కాదు, తడిలో బతికేది. గడ్డకట్టించకముందు తీసిన నమూనా శుభ్రంగా ఉంది. అంటే కరిగించేటప్పుడే చేరి ఉండాలి. సంచిని మేము వాటర్ బాత్‌లో, అంటే గోరువెచ్చని నీళ్ల తొట్టిలో కరిగిస్తాం. అందులో క్రిములు లేని స్టెరైల్ నీళ్లే పోయాలి. అవి రావడం ఆలస్యమైతే మేము తాగే డిస్పెన్సర్ మీది క్యాను నీళ్లు పోసేవారు. ఇక్కడ అందరికీ కుళాయి నీళ్లంటే అనుమానం, క్యాను నీళ్లంటే నమ్మకం.

"వాటర్ బాత్ చూస్తే బాగుంటుంది సార్," అన్నాను.

"నోరు తెరిచినవా తల్లీ," అంది పక్కనున్న సీనియర్ టెక్నీషియన్ అక్క. "జర గట్టిగ చెప్పు, ఏసీ సప్పుడే ఎక్కువున్నది."

చెప్పాను. సంచి మూతి నీళ్లలో మునుగుతుందని, వార్డులో అక్కడే గొట్టం గుచ్చుతారని, ఆ తడి లోపలికి పోతుందని.

"మనం తాగే నీళ్లేనండీ అవి," అన్నారు సార్.

"మన కడుపు తట్టుకుంటుంది సార్. కీమోతో తెల్లకణాలు పోయిన మనిషి రక్తంలోకి నేరుగా పోతే ఒళ్లు తట్టుకోలేదు." ఈసారి వాక్యం మధ్యలో ఆపలేదు.

తొట్టి, డిస్పెన్సర్ కుళాయి, బల్ల, మా గ్లవ్స్, అన్నిటి నుంచీ నమూనాలు తీశాను. తొట్టిలోనూ కుళాయి మూతిలోనూ ఒకే బ్యాక్టీరియా పెరిగింది. జన్యుపరీక్షలో అది సంచిలో దొరికినదానితో సరిపోయింది.

బ్యాక్టీరియా పెరిగిన ప్లేటును అక్క కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. "ఇన్ని దినాలు నేను తాగింది గిదా?"

తొట్టిని క్రిమిరహితం చేసి, వాడిన ప్రతిసారీ ఖాళీ చేసి ఆరబెట్టడం మొదలుపెట్టాం. స్టెరైల్ నీళ్లు లేకపోతే ఇక కరిగించడమే లేదు. సంచికి పైన మరో స్టెరైల్ సంచి తొడిగి, మూతి నీటికి పైనే ఉండేలా పట్టుకున్నాం. ముందు కణాలు లేని సంచులతో చేసి, ఏమీ పెరగలేదని చూపించాక డాక్టరుగారు ఒప్పుకున్నారు.

టీచరమ్మ కణాలు కరిగించింది నేనూ అక్కా. ఆ సాయంత్రం ఆమెకు చలిజ్వరం రాలేదు. సంచిలో మిగిలిన చుక్కల్లో ఏమీ పెరగలేదు. తర్వాత ఒక ఉదయం డాక్టరుగారు ఫోన్ చేస్తే సార్ స్పీకర్ పెట్టారు. కొత్త కణాలు కుదురుకున్నాయట, తెల్లకణాలు పెరుగుతున్నాయట. ఆపిన మార్పిడులన్నీ మొదలుపెడదామన్నారు.

మధ్యాహ్నం సార్ అందరికీ బిర్యానీ తెప్పించారు. మొదటి ముక్కలు నాకే వేశారు. నేను మొహమాటపడకుండా రెండోసారి కూడా వడ్డించుకున్నాను.